ఫొటోలో కదిలే ఆనవాళ్లు, కదలని ఆనవాళ్లు

స్పెయిన్ అంతర్యుద్ధం మొదలైన తొలి నెలల్లో, 1936 సెప్టెంబరులో, రాబర్ట్ కాపా తీసిన ఒక ఫొటోలో తూటా దెబ్బ తిన్న సైనికుడు చేతిలోని తుపాకీ జారిపోతుండగా వెల్లకిలా ఒరిగిపోతూ కనిపిస్తాడు. యుద్ధ ఛాయాచిత్రాల్లో ఇంతగా అచ్చయినదీ, ఇంతగా వాదప్రతివాదాలకు లోనైనదీ మరొకటి చెప్పడం కష్టం. కోర్డోబా నగరానికి ఉత్తరాన ఉన్న సెర్రో మురియానో దగ్గర ఆ ఫొటో తీశారని దశాబ్దాల తరబడి అందరూ రాస్తూ వచ్చారు. 2009లో బాస్క్ విశ్వవిద్యాలయానికి చెందిన హోసే మాన్యుయెల్ సుస్పెర్రెగీ ఆ మాటను తిరగదోడారు. ఆయన సైనికుడిని పక్కన పెట్టి, అదే వరుసలో తీసిన మిగతా ఫొటోల్లో వెనక లీలగా కనిపించే కొండల గీతను పట్టుకున్నారు. ఆ నేపథ్యాన్ని కోర్డోబా చుట్టుపక్కల ఊళ్లకు పంపి, ఎవరైనా గుర్తుపడతారేమోనని అడిగారు. ఎస్పెహో అనే ఊళ్లో ఒక ఉపాధ్యాయుడు ఆ చిత్రాలను తరగతిలో చూపించగా, విద్యార్థుల్లో ఒకరు అది తమ ఊరి పరిసరమేనని గుర్తుపట్టారు.

సెర్రో మురియానోకు ఎస్పెహో 40 కిలోమీటర్లకు పైగా దక్షిణాన ఉంది. ఫొటో తీసినట్లు చెప్పుకునే సెప్టెంబరు తొలి రోజుల్లో అక్కడ పోరాటం సాగలేదు. దాంతో, ఆ సైనికుడు నిజంగా తూటా తగిలి పడిపోయాడా, కెమెరా కోసం పడ్డాడా అన్న పాత ప్రశ్న కొత్త బలంతో లేచింది. చోటు తేలినంత మాత్రాన ఆ ప్రశ్న పూర్తిగా తీరిపోదు. కాని చోటు తప్పని తేలాక పాత కథను ఉన్నదున్నట్లు నిలబెట్టడం మాత్రం ఇక సాధ్యం కాదు. సైనికుడి ముఖం, దుస్తులు, తుపాకీ డెబ్బై ఏళ్లకు పైగా చెప్పలేని సంగతిని వెనకనున్న మసక కొండలు చెప్పాయి.

ఒక ఫొటో ఎక్కడ తీశారో అందులో కనిపించేవాటిని బట్టి తేల్చే పనిని ఇప్పుడు జియోలొకేషన్ అంటున్నారు. పత్రికా పరిశోధకులు, మానవ హక్కుల సంస్థలు, పోలీసులు, బీమా దర్యాప్తుదారులు, కేవలం సరదా కోసం చేసేవారు కూడా ఈ పనిలో ఉన్నారు. బయటి నుంచి చూసేవారికి ఇది అపారమైన జ్ఞాపకశక్తికి సంబంధించిన విద్యలా కనిపిస్తుంది. ప్రపంచంలోని కరెంటు స్తంభాలన్నీ కంఠస్థం ఉన్నవారే ఇందులో నెగ్గుతారన్న భ్రమ ఏర్పడుతుంది. నిజానికి గుర్తుపట్టడం ఇందులో చిన్న భాగం. ఏ ఆనవాలు ఎంత సులువుగా చోటు మారగలదో అంచనా కట్టి, ఆ లెక్కన దానికి విలువ ఇవ్వడమే అసలు పని. బట్టలు, వాహనాలు, బోర్డులు, చివరికి చెట్లు కూడా చోటు మారతాయి. కొండలు, సూర్యుడి దారి, రెండు స్థిరమైన కట్టడాల మధ్యనున్న సంబంధం మారవు.

ఫొటో ఫైలులోనే దాగి ఉండే వివరాలను, అంటే మెటాడేటాను ముందు చూడటం ఆనవాయితీ. జీపీఎస్ పనిచేస్తున్న ఫోనుతో తీసిన ఫొటోలో అక్షాంశ రేఖాంశాలు నేరుగా నమోదై ఉండవచ్చు. 2012 డిసెంబరులో బెలీజ్ పోలీసులు ప్రశ్నించాలనుకుంటున్న సాఫ్ట్‌వేర్ వ్యాపారి జాన్ మెకాఫీ అజ్ఞాతంలో ఉండగా, ఆయన వెంట ఉన్న పాత్రికేయులు ప్రచురించిన ఒక ఫొటోలో ఈ వివరాలు తొలగించకుండా వదిలేయడంతో ఆయన గ్వాటెమాలాలో ఉన్న సంగతి గంటల్లో లోకానికి తెలిసిపోయింది. అలాంటి అదృష్టం ఇప్పుడు అరుదు. చాలా సామాజిక మాధ్యమాలు ఫొటో ఎక్కించేటప్పుడే ఈ వివరాలను తుడిచేస్తాయి. ఒకవేళ మిగిలినా, వాటిని ఎవరైనా మార్చి రాయవచ్చు కనుక మెటాడేటా కూడా కదిలే ఆనవాళ్ల జాబితాలోనే చేరుతుంది. అదే ఫొటో గతంలో మరెక్కడైనా, మరో వివరణతో కనిపించిందేమో రివర్స్ ఇమేజ్ సెర్చ్‌లో వెతకడం కూడా ఈ దశలోనే జరగాలి. పాత ఫొటోను కొత్త సంఘటనకు అంటగట్టే మోసాల్లో ఎక్కువ భాగం ఇక్కడే బయటపడతాయి, ఆ తర్వాతి శ్రమ అక్కర్లేకుండా పోతుంది.

అక్కడ ఏమీ దొరకనప్పుడే కళ్లకు పని మొదలవుతుంది. మొదట కంటికి తగిలేది రాత. బోర్డు మీది భాష తెలియకపోయినా లిపి చాలా చెబుతుంది. తెలుగు, కన్నడ లిపులు అలవాటు లేని కంటికి ఒకేలా కనిపించినా, తెలిసినవారు తలకట్టు చూసి క్షణంలో వేరు చేస్తారు కదా. ప్రతి లిపి కుటుంబంలోనూ ఇలాంటి చిన్న తేడాలు ఉంటాయి. సిరిలిక్ లిపిలో నిలువు గీత మీద రెండు చుక్కలున్న అక్షరం కనిపిస్తే రష్యన్ భాషను పక్కన పెట్టి ఉక్రెయిన్ వైపు చూడాలి. ఉత్తర ఐరోపాలో గుండ్రటి అక్షరాన్ని కోస్తూ ఏటవాలు గీత ఉంటే అది స్వీడన్ కాదు. డెన్మార్క్ లేదా నార్వే అయి ఉంటుంది. ఇక్కడి నుంచి తర్కం ఎలా సాగుతుందో గమనించదగ్గది. ఫొటోలో నిటారైన పర్వతం ఉంటే డెన్మార్క్ ప్రధాన భూభాగం తప్పుకుంటుంది, ఎందుకంటే అక్కడి అత్యున్నత సహజ స్థలం ఎత్తు సముద్ర మట్టానికి 171 మీటర్లకు మించదు. అదే అక్షరమూ పర్వతాలూ రెండూ ఉన్న, డెన్మార్క్ కిందే ఉన్న ఫారో దీవులు ఇంకా మిగిలే ఉంటాయి. రోడ్డు మధ్య గీత పసుపు రంగులో ఉంటే ఫారో కూడా తప్పుకుని నార్వే ఒక్కటే నిలుస్తుంది. ఈ మూడు అడుగుల్లో ఎక్కడా 'ఇది నార్వేలా ఉంది' అన్న మాట రాలేదు. ప్రతి అడుగూ ఏదో ఒకదాన్ని కొట్టివేసింది.

రోడ్డు మీద ఇలాంటి ఆనవాళ్లకు కొదవ ఉండదు. హెచ్చరిక బోర్డులు ఐరోపాలో ఎక్కువగా ఎర్ర అంచు త్రికోణాలుగా, అమెరికా ఖండాల్లోనూ ఆస్ట్రేలియాలోనూ పసుపు వజ్రాకారంలో ఉంటాయి. ఆగమని చెప్పే ఎర్రటి అష్టభుజి బోర్డు మీద మెక్సికోలో ఒక మాట, బ్రెజిల్‌లో మరో మాట, క్యూబెక్‌లో ఇంకో మాట రాసి ఉంటుంది. జపాన్‌లోనైతే ఆ బోర్డే తలకిందులైన త్రికోణం. బ్రిటన్‌లో నంబరు ప్లేటు ముందు తెల్లగా, వెనక పసుపుగా ఉంటుంది. నెదర్లాండ్స్‌లో రెండూ పసుపే. కాబట్టి ముందువైపు పసుపు ప్లేటు కనిపించిన కారు బ్రిటన్‌లో నమోదైనది కాదు. ఇక్కడ 'నమోదైనది' అన్న మాట కావాలని వాడినదే. కారు నెదర్లాండ్స్‌దే కావచ్చు. ఆ రోజు అది సెలవులకు స్పెయిన్ వెళ్లి ఉండవచ్చు. ఒక కారు చెప్పేదానికంటే ఆ వీధిలో ఆగి ఉన్న కార్లన్నీ కలిసి చెప్పేది ఎక్కువ నమ్మదగ్గది.

స్టీరింగు విషయం ఇంకా జారుడుమెట్టు. వాహనాలు ఎడమవైపు నడుస్తున్నాయా, కుడివైపు నడుస్తున్నాయా అన్న ఒక్క పరిశీలన ప్రపంచ పటంలో చాలా భాగాన్ని చెరిపేస్తుంది కనుక దాని మీద కొత్తవారికి మోజు ఎక్కువ. అయితే స్టీరింగు ఏ పక్కన ఉందన్నది వేరు, వాహనం రోడ్డుకు ఏ పక్కన నడుస్తోందన్నది వేరు. రష్యా తూర్పు కొసన ఉన్న వ్లాదివోస్తోక్‌లో వాహనాలు కుడివైపే నడుస్తాయి, కాని జపాన్ నుంచి వచ్చిన సెకండ్‌హ్యాండ్ కార్లు విస్తారంగా ఉండటం వల్ల వాటిలో స్టీరింగు కూడా కుడిపక్కనే ఉంటుంది. మయన్మార్ 1970లో ఎడమ నుంచి కుడికి మారినా కుడి స్టీరింగు వాహనాలు అక్కడ ఎన్నో ఏళ్లు తిరిగాయి. కాలాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి: స్వీడన్ 1967 సెప్టెంబరు 3న ఎడమ నుంచి కుడికి మారింది, సమోవా 2009లో కుడి నుంచి ఎడమకు మారింది. పాత నలుపు తెలుపు ఫొటోలో వాహనాలు ఎడమవైపు నడుస్తున్నాయని స్వీడన్‌ను కొట్టివేస్తే తప్పులో కాలేసినట్లే. పైగా ఫొటోను అద్దంలో చూసినట్లు కుడి ఎడమలు తిప్పి పెట్టడం నేటి ఫోన్లలో ఒక మీట నొక్కినంత పని. అక్షరాలు, గడియారం ముల్లు, చొక్కా గుండీల వరుస లాంటివి చూసి ఆ అనుమానం తీర్చుకోకుండా ముందుకు కదలకూడదు.

చెట్లు, మట్టి, కట్టడాల శైలి వాతావరణ మండలాన్ని చెబుతాయి, అంతకుమించి చెప్పవు. యూకలిప్టస్ ఆస్ట్రేలియా చెట్టే, కాని దాన్ని నాటని వెచ్చని దేశం దాదాపు లేదు. కట్టడాల మీద భరోసా మరీ ప్రమాదం. చైనాలో హాంగ్‌ఝౌ దగ్గర ఈఫిల్ టవర్ నమూనాతో సహా పారిస్‌ను తలపించే నివాస ప్రాంతం ఒకటి కట్టారు. ఆస్ట్రియాలోని హాల్‌ష్టాట్ గ్రామానికి నకలుగా గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలో మరో గ్రామం 2012లో తెరుచుకుంది. చర్చి శిఖరం, ఇళ్ల ముంగిళ్లు, కూడలి అన్నీ నకలు చేయగలిగారు. అసలు గ్రామం వెనక గోడలా నిలిచిన ఆల్ప్స్ పర్వతాలను మాత్రం తీసుకురాలేకపోయారు.

ఇక సూర్యుడి సంగతి. నీడను చూసి చోటు చెప్పడమంటే మంత్రవిద్య అన్నట్లు వర్ణించడం ఈ మధ్య ఎక్కువైంది కనుక, అది ఎంత చెప్పగలదో, ఎక్కడ ఆగిపోతుందో కొంచెం లెక్క వేసి చూడటం మంచిది. నిటారుగా నిలిచిన స్తంభం ఎత్తు, దాని నీడ పొడవు సమానంగా ఉంటే సూర్యుడు క్షితిజం నుంచి 45 డిగ్రీల ఎత్తున ఉన్నట్లు. అది సరిగ్గా స్థానిక మధ్యాహ్నమనీ, అంటే ఆ చోట సూర్యుడు ఆ రోజుకు అత్యంత ఎత్తున ఉన్న వేళ అనీ, నీడ ఉత్తరానికి పడుతోందనీ అనుకుందాం. మార్చి 20 నాటి ఫొటో అయితే ఆ చోటు 45 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉండాలి. జూన్ 21 అయితే సూర్యుడు ఉత్తరానికి 23.4 డిగ్రీలు జరిగి ఉంటాడు కనుక అదే నీడ 68.4 డిగ్రీల దగ్గర, అంటే ఆర్కిటిక్ వలయం దాటిన తర్వాత పడుతుంది. డిసెంబరు 21 అయితే 21.6 డిగ్రీలు, అంటే కర్కటరేఖకు కాస్త దక్షిణాన. నీడ ఒక్కటే, తేదీ మారితే ధ్రువ ప్రాంతం నుంచి ఉష్ణమండలం దాకా జరిగిపోతుంది. తేదీ తెలియకుండా నీడ నుంచి అక్షాంశం చెప్పేవారు ఊహిస్తున్నారే తప్ప లెక్కించడం లేదు.

రేఖాంశం కోసం సమయం కావాలి. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది కాబట్టి ఒక డిగ్రీకి నాలుగు నిమిషాలు. భూమధ్యరేఖ దగ్గర ఒక డిగ్రీ అంటే సుమారు 111 కిలోమీటర్లు. గడియారంలో ఒక్క నిమిషం తేడా వస్తే చోటు దాదాపు 28 కిలోమీటర్లు జరుగుతుంది. నీడ కొలతలో ఒక డిగ్రీ పొరపాటు జరిగినా ఉత్తర దక్షిణాలుగా మరో 111 కిలోమీటర్లు పోయినట్లే. కెమెరా వైపుకు వచ్చే నీడ, కెమెరాకు అడ్డంగా పడే నీడ ఒకే పొడవున్నా ఫొటోలో వేర్వేరుగా కనిపిస్తాయి. నేల వాలుగా ఉంటే కొలత మరింత చెడుతుంది. అందుకే నీడతో వీధి దొరకదు. నీడకున్న అసలు ఉపయోగం తిరుగుదిశలో ఉంది: మిగతా ఆనవాళ్లతో చోటు దొరికిన తర్వాత, అక్కడ ఆ రోజు ఆ వేళకు నీడ ఎటు పడాలో సన్‌కాల్క్ వంటి వెబ్‌సైటులో చూసి, చెప్పిన తేదీ, వేళ నిజమా కాదా అని పరీక్షించవచ్చు. నీడ ఈశాన్యానికి పడాల్సిన వేళ వాయవ్యానికి పడుతుంటే ఎవరో అబద్ధం చెబుతున్నట్లు, లేదా చోటే తప్పు.

సూర్యుడి లాంటిదే, కాని ఎప్పుడూ కదలనిది మరొకటి ఆకాశంలో ఉంది. టీవీ ప్రసారాల ఉపగ్రహాలు భూమధ్యరేఖకు పైన 35,786 కిలోమీటర్ల ఎత్తున ఒకే చోట నిలిచినట్లు ఉంటాయి. కాబట్టి ఉత్తరార్ధగోళంలో ఇళ్ల మీది డిష్‌లు మొత్తం మీద దక్షిణం వైపుకు, దక్షిణార్ధగోళంలో ఉత్తరం వైపుకు చూస్తాయి. భూమధ్యరేఖకు దగ్గరయ్యే కొద్దీ ఆకాశానికి వెల్లకిలా తెరుచుకుంటాయి. మబ్బు పట్టి నీడలు లేని ఫొటోలో దిక్కులు తెలియడానికి ఒక వీధిలోని డిష్‌లన్నీ చూస్తున్న వైపు ఒక దిక్సూచి.

చంద్రుడు కూడా ఒక్కోసారి సాక్ష్యం చెబుతాడు. అమెరికాలోని న్యూ మెక్సికో రాష్ట్రంలో హెర్నాండెజ్ అనే పల్లె మీద చంద్రోదయాన్ని ఆన్సెల్ ఆడమ్స్ తీసిన ప్రసిద్ధ ఫొటోకు తేదీ ఆయనకే గుర్తు లేదు; ఒక్కో సందర్భంలో ఒక్కో సంవత్సరం చెప్పేవారు. డేవిడ్ ఎల్మోర్ అనే ఖగోళ పరిశోధకుడు చంద్రుడి స్థానాన్ని లెక్కగట్టి 1941 అక్టోబరు 31 అన్నారు. తర్వాత డెన్నిస్ డి చికో కెమెరా నిలిపిన చోటును, చంద్రుడి ఎత్తును మళ్లీ జాగ్రత్తగా తేల్చి, 1941 నవంబరు 1 సాయంత్రం 4 గంటల 49 నిమిషాలు అని సవరించారు. చోటులో పొరపాటు కాలంలోకి ఎలా పాకుతుందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

చోటును మీటర్లలోకి కుదించే సాధనం వేరే ఉంది. అది నావికులకు ఎప్పటి నుంచో తెలిసినదే. ఫొటోలో దగ్గరి నీళ్ల ట్యాంకు, దూరపు గడియార స్తంభం ఒకదాని వెనక ఒకటి సరిగ్గా వరుసలో కనిపిస్తే, కెమెరా ఆ రెంటినీ కలిపి పొడిగించిన గీత మీదే ఎక్కడో ఉండాలి. అలాగే మరో రెండు వస్తువులు వరుసలో ఉంటే రెండో గీత వస్తుంది. రెండు గీతలు ఖండించుకునే చోట కెమెరా ఉంది. పటం మీద స్కేలు పెట్టి గీయగలిగేంత సరళమైన పని ఇది. దీని బలం ఎక్కడుందంటే, లెన్స్ మారినా, జూమ్ చేసినా, ఫొటోను కత్తిరించినా ఆ వరుస చెదరదు. ఎందుకంటే ఏది దేని వెనక కనిపిస్తుందన్నది కెమెరా నిలిచిన చోటు మీదే ఆధారపడుతుంది. జూమ్ లెన్స్ వెనకనున్న కొండను ఊరి నెత్తి మీదికి తెచ్చినట్లు చూపుతుంది కనుక కొండ పరిమాణాన్ని నమ్మి దూరం అంచనా కడితే మోసపోతాము. కొండ ఏ ఇంటి కప్పు అంచుకు తగిలి ఉందో చూస్తే మోసపోము.

దగ్గరి వస్తువు, దూరపు వస్తువు చెరొక పని చేస్తాయి. యాభై మీటర్ల దూరంలోని స్తంభం మనం ఒక మీటరు పక్కకు జరిగితే డిగ్రీకి పైగా జరిగినట్లు కనిపిస్తుంది. రెండు కిలోమీటర్ల దూరంలోని టవర్ అదే జరుగుడుకు డిగ్రీలో 3 శాతం కూడా కదలదు. అందువల్ల దూరపు కొండలు ఏ ప్రాంతమో చెబుతాయి, దగ్గరి స్తంభాలు ఏ మెట్టు మీద నిలబడి తీశారో చెబుతాయి. కొండల గీత విషయంలో ఇప్పుడు పెద్ద సౌలభ్యం ఉంది. 2000 ఫిబ్రవరిలో అమెరికా అంతరిక్ష నౌక రాడార్‌తో భూమి ఎత్తుపల్లాలను కొలిచి వచ్చింది. అలాంటి కొలతల ఆధారంగా, ఏ చోట నిలబడితే కొండల వరుస ఎలా కనిపిస్తుందో గూగుల్ ఎర్త్ వంటివి గీసి చూపుతాయి. సుస్పెర్రెగీ ఊరూరికీ ఫొటోలు పంపి అడిగిన పనిలో కొంత భాగం నేడు బల్ల ముందు కూర్చునే చేయవచ్చు. కాని ఏ ప్రాంతంలో వెతకాలో ముందే కొంత తెలిసి ఉండాలి. భూగోళం మీద కొండలు చాలా ఉన్నాయి.

ఈ పద్ధతులన్నీ ఒక్కచోట కలిసిన సందర్భం 2018లో వచ్చింది. ఇద్దరు స్త్రీలను, ఇద్దరు చిన్నపిల్లలను సైనిక దుస్తుల్లోని వ్యక్తులు కళ్లకు గంతలు కట్టి కాల్చి చంపుతున్న వీడియో ఆ ఏడాది జులైలో బయటికొచ్చింది. అది కామెరూన్‌లో జరిగిందని కొందరు అంటే, ఆ దేశ ప్రభుత్వం తప్పుడు వార్త అని కొట్టిపారేసింది. బీబీసీ ఆఫ్రికా ఐ బృందం వీడియో తొలి క్షణాల్లో కనిపించే కొండల వరుసను పట్టుకుని, కామెరూన్ ఉత్తర కొసన ఉన్న జెలెవెట్ ఊరి దగ్గరి భూస్వరూపంతో అది సరిపోతోందని తేల్చింది. దారి, చెట్లు, ఇళ్లు ఉపగ్రహ చిత్రంలో ఒక్కొక్కటిగా కుదిరాయి. కాలం కోసం మరో వరుస పరిశీలన జరిగింది: వీడియోలో ఉన్న ఒక ప్రహరీ కట్టడం 2016 ఫిబ్రవరి తర్వాతి ఉపగ్రహ చిత్రాల్లో లేదు, వీడియోలో ఉన్న మరో ఇంటి గోడలు 2014 నవంబరు నాటి చిత్రంలో ఇంకా లేవలేదు, వీడియోలో కనిపించే కాలిబాట ఎండాకాలంలోనే ఏర్పడుతుంది. చివరికి నడిచే సైనికుల నీడలను గడియారపు ముల్లులా వాడి, 2015 మార్చి 20, ఏప్రిల్ 5 తేదీల మధ్య అది జరిగిందని నిర్ధారించారు. ప్రభుత్వం మాట మార్చి సైనికులను అదుపులోకి తీసుకుంది. 2020 సెప్టెంబరులో సైనిక న్యాయస్థానం నలుగురికి పదేళ్ల చొప్పున శిక్ష విధించింది.

ఇందులో నీడను చివరికి వాడిన తీరు గమనించాలి. కొండలు చోటును, కట్టడాలు సంవత్సరాన్ని, కాలిబాట రుతువును బిగించిన తర్వాతే నీడకు రెండు వారాల వ్యవధిని తేల్చే శక్తి వచ్చింది. మొదటే నీడతో మొదలుపెట్టి ఉంటే ఏమీ దొరికేది కాదు.

నీడల లెక్క కిందనున్న చోటునే కాదు, పైనున్న కెమెరానూ పట్టిస్తుంది. 2019 ఆగస్టు 30న నాటి అమెరికా అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్ ఇరాన్‌లోని సెమ్నాన్ రాకెట్ కేంద్రంలో జరిగిన ప్రమాదం తాలూకు అత్యంత స్పష్టమైన చిత్రాన్ని ట్విటర్‌లో పెట్టారు. వృత్తాకార ప్రయోగ వేదిక ఆ చిత్రంలో కోడిగుడ్డు ఆకారంలో ఎంత సాగిందో కొలిచి ఏ కోణం నుంచి చూశారో, స్తంభాల నీడలను కొలిచి ఏ వేళకు తీశారో ఔత్సాహిక ఉపగ్రహ పరిశీలకులు తేల్చారు. ఆ వేళకు ఆ దిక్కున ఆకాశంలో ఉన్నది యూఎస్ఏ 224 అనే నిఘా ఉపగ్రహమని తేలింది. రహస్య ఉపగ్రహం చూపు ఎంత పదునైనదో దాంతో అందరికీ తెలిసిపోయింది.

ఈ విద్యకు ఇంత ప్రచారం రావడానికి గంభీరమైన కేసుల కంటే ఒక ఆటే ఎక్కువ కారణం. కారు మీద కెమెరా పెట్టి తీసిన వీధుల చిత్రాలను చూపే గూగుల్ స్ట్రీట్ వ్యూ 2007లో మొదలైంది. దాని చిత్రాల్లో ఒకదాన్ని చూపి ఎక్కడిదో చెప్పమనే జియోగెస్సర్ ఆట 2013లో వచ్చింది. అందులో ఆరితేరినవారు రెండు మూడు క్షణాల్లో దేశం పేరు చెప్పేయడం చూసి ముక్కున వేలేసుకుంటాము. అయితే వారి జ్ఞానంలో కొంత భాగం దేశాల గురించి కాదు, గూగుల్ కారు గురించి. కెన్యా చిత్రాల్లో కెమెరా వాహనానికి గాలి పీల్చే గొట్టం కనిపిస్తుంది. ఘనా చిత్రాల్లో వాహనం పైకమ్మీకి చుట్టిన నల్ల టేపు కనిపిస్తుంది. ఇది ఆటలో న్యాయమే, ఎవరో ఫోనుతో తీసిన ఫొటో ముందు మాత్రం నిరుపయోగం.

కృత్రిమ మేధ నమూనాల సంగతి కూడా కొంత ఇలాంటిదే. 2016లో గూగుల్ పరిశోధకులు ప్రకటించిన ప్లానెట్ అనే వ్యవస్థ భూమిని వేల గడులుగా విభజించి, ఇచ్చిన ఫొటో ఏ గడికి చెందే అవకాశం ఎంతో చెప్పేది. నేటి నమూనాలు దానికంటే చాలా ముందుకెళ్లాయి, కారణాలు కూడా వివరిస్తాయి. ఆ వివరణ ఎంత నమ్మకంగా వినిపిస్తే అంత జాగ్రత్త అవసరం. యంత్రం చెప్పింది ఎక్కడ వెతకాలో తెలిపే సూచన మాత్రమే. పైన చెప్పిన వరుసలు, కొండలు, నీడలు ఆ చోట కుదిరే దాకా అది రుజువు కాదు. పైగా యంత్రమే సృష్టించిన ఫొటో అయితే అది ఏ చోటుకూ చెందదు. అందులో వీధి వీధిలాగే, కొండ కొండలాగే ఉంటుంది, కాని రెండూ కలిసి పటంలో ఏ ఒక్క చోటా నిలవవు. కొన్ని గంటలు వెతికినా ఏదీ కుదరకపోతే ఆ అవకాశాన్నీ తలచుకోవాలి.

అనుభవజ్ఞులు తప్పుచేసేది తెలియకపోవడం వల్ల కంటే తొందరగా తెలిసిపోవడం వల్లే ఎక్కువ. ఒక చోటు మనసులో పడగానే కళ్లు దాన్ని సమర్థించే వాటినే వెతుకుతాయి: చర్చి ఉంది, వంతెన ఉంది, పక్కన వరుసగా మూడు చెట్లున్నాయి. చర్చి, వంతెన, మూడు చెట్లు ఉన్న ఊళ్లు లెక్కలేనన్ని. పది పోలికలు కలిసినా కుదరని ఒక్క తేడా వాటన్నిటినీ కొట్టేయగలదు, ఆ తేడాకు కారణం చూపగలిగితే తప్ప. చర్చికి కిటికీలు నాలుగు ఉండాల్సిన చోట అయిదు ఉన్నాయా, మరమ్మతు జరిగిందా, లేక ఇది వేరే చర్చేనా? ఇలాంటి ప్రశ్నలకు పాత ఉపగ్రహ చిత్రాలు, వీధి చిత్రాల పాత సంచికలు సమాధానం చెబుతాయి. అందరూ కలిసి తయారుచేసే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే పటం సమాచారంలో 'రైలు పట్టాలకు వంద మీటర్లలోపు ఉన్న చర్చిలు' అని అడిగి జాబితా తీసే వీలుంది. అందులోని మిగతావాటిని ఒక్కొక్కటిగా తోసిపుచ్చగలిగినప్పుడే మిగిలినదాని మీద నమ్మకం పెట్టుకోవచ్చు. ఫలితం చెప్పేటప్పుడు కూడా ఎంత మేరకు తేలిందో అంతే చెప్పాలి. దేశం తేలింది, ఊరు తేలలేదు అని రాయడంలో చిన్నతనం లేదు. అందరికీ అందుబాటులో ఉండే సెంటినెల్ 2 ఉపగ్రహ చిత్రాల్లో ఒక చుక్క నేల మీద 10 మీటర్లకు సమానం. దాన్ని చూపి ఫలానా ఇంటి గుమ్మం అని చెప్పడం కుదరదు.

ఈ పరిశీలనకు మరో ముఖం ఉంది. 2019లో జపాన్‌లో ఒక యువ గాయని మీద దాడి చేసిన వ్యక్తి, ఆమె పెట్టిన సెల్ఫీలో కంటిపాపలో ప్రతిబింబించిన రైల్వే స్టేషన్‌ను స్ట్రీట్ వ్యూతో పోల్చి ఆమె ఎక్కే స్టేషన్ కనిపెట్టాడు. గదిలో తీసిన వీడియోల్లోని తెరలను, కిటికీలోంచి పడే వెలుతురు దిక్కును బట్టి ఏ ఇల్లో ఊహించాడు. దర్యాప్తుదారు వాడే పద్ధతికీ ఇతడు వాడిన పద్ధతికీ తేడా లేదు. అందుకే ప్రైవేటు వ్యక్తుల ఇళ్లను వెతికి ప్రచురించకూడదన్న నియమాన్ని బాధ్యత గల బృందాలు పాటిస్తాయి. తన ఫొటోను తానే కాపాడుకోవాలనుకునే వారికి జీపీఎస్ ఆపేయడం చాలదు. కిటికీ బయట కనిపించే రెండు కట్టడాల వరుస అంతకంటే కచ్చితంగా మాట్లాడుతుంది.

కిటికీయే లేని ఫొటోలూ ఉన్నాయి. నాలుగు గోడల మధ్య తీసిన వాటిలో కొండ లేదు, సూర్యుడు లేడు. గోడకున్న ప్లగ్గు రంధ్రాల ఆకారం దేశాల జాబితాను కొంత కుదిస్తుంది, అంతే. అక్కడ మిగిలేవన్నీ కదిలే ఆనవాళ్లే. పిల్లలపై జరిగే లైంగిక నేరాల చిత్రాల దర్యాప్తులో మిగతా దారులన్నీ మూసుకుపోయినప్పుడు ఐరోపా సమాఖ్య పోలీసు సంస్థ యూరోపోల్ 2017 నుంచి ఒక పని చేస్తోంది. మనుషులు కనిపించే భాగమంతా తీసేసి, నేపథ్యంలోని ఒక సంచీ, ఒక సీసా, ఒక దుప్పటి మీది పువ్వుల అచ్చు వరకే కత్తిరించి బయట పెడుతుంది. ఆ వస్తువును ఎక్కడైనా కొన్నవారో, అమ్మినవారో, తయారుచేసినవారో చూసి, ఇది ఫలానా దేశంలో మాత్రమే దొరికేది అని చెప్పగలరేమోనని.